మిషను ఆపుతున్నదెవరు

షాపు నా భార్యది. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను అందులో చేరాను. "చేరలేదు, అడ్డం పడ్డారు" అంటుంది తను. షాపుకి వచ్చేవాళ్లు తనని అక్కా అంటారు, నన్ను మాత్రం చెకింగ్ సారు అంటారు. ఆ పేరు కూడా తను పెట్టిందే.

మా దగ్గర వీల్‌చైర్లు, వాకర్లు, చేతికర్రలు, మంచాన పడ్డవాళ్లకు వేసే గాలి పరుపులు, ఊపిరి అందనివాళ్లకు పెట్టే ఆక్సిజన్ మిషన్లు ఉంటాయి. కొనుక్కోలేని వాళ్లకు అద్దెకిస్తాం. చిన్న షాపే, కానీ అందులో మా ఆవిడ రూల్సు చాలా. పెద్దవాళ్ల డైపర్లు బయటికి కనపడని సంచిలో పెట్టి ఇవ్వాలి. ఎవరికి అని అడగకూడదు, ఏ సైజు అని మాత్రమే అడగాలి. మంచం పక్కన పెట్టుకునే కమోడ్ కుర్చీలు తెర వెనక ఉండాలి, ఎందుకంటే వాటి ముందు నిలబడి బేరమాడటం ఎవరికీ మర్యాదగా ఉండదు. మనిషి పోయాక అద్దె మిషను ఎప్పుడిస్తారని మనం ఫోను చేయకూడదు. వాళ్లే తెస్తారు. ఆశ్చర్యమేమిటంటే తెస్తారు కూడా.

నాకు ఇదంతా ఒంటికి పడేది కాదు. ముప్పావు జీవితం మనుషుల జేబులు తడుముకునే తీరు చూసి బతికినవాణ్ని. టికెట్ ఉన్నవాడు తడుముకునే తీరు వేరు, లేనివాడు తడుముకునే తీరు వేరు. వాకర్ తిరిగి తెచ్చి "మా నాన్న నడుస్తున్నాడండీ" అని నవ్విన మనిషిని చూసి కూడా, నడుస్తున్న నాన్నని వెంట తీసుకురాలేదేం అనుకున్నాను. పైకే అన్నాను. ఆ పూట నాకు ఇంట్లో మాటలు కరువయ్యాయి.

"టికెట్ లేని మనిషి ఒక్కడు దొరక్కపోతే మీకు నిద్ర పట్టదు కదండీ" అంది రాత్రి అన్నం వడ్డిస్తూ.

షాపు రూల్సన్నిటిలోకి పెద్దది ఇంకొకటుంది. ఆక్సిజన్ మిషను ఏ ఇంటికి వెళ్లినా వారానికోసారి మాలో ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. ఫిల్టర్ కడగాలి, గాలికి తడి పట్టించే సీసాలో నీళ్లు మార్చాలి, గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో చూడాలి. తర్వాత కూర్చోవాలి. "ఫిల్టర్ ఎవడైనా కడుగుతాడండీ. మీరు కాసేపు కూర్చోండి. వాళ్లు చెప్పింది వినండి. మీరేమీ అడక్కండి." ఆ చివరి మాట నా ఒక్కడి కోసం కలిపింది.

అలా వెళ్లిన ఇళ్లలో ఒకటి పెద్దాయన ఇల్లు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. స్నానానికీ భోజనానికీ తప్ప ముక్కు దగ్గర గొట్టం తీయకూడదని డాక్టరు చెప్పాడు. ఆ ఇంట్లో ముందు గది, దాని వెనక పెద్దవాళ్ల గది ఉన్నాయి. రెంటికీ మధ్య తలుపు లేదు, తెర మాత్రమే. పక్కన కొడుకూ కోడలూ పడుకునే ఇరుకు గది, దాని తర్వాత వంటగది. కొడుకు కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ. సాయంత్రం వెళితే తెల్లారాక వస్తాడు, పగలు నిద్రపోతాడు. కోడలు ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. పెద్దాయన మంచానికి ఎదురు మంచం మీద ఆయన భార్య. పక్షవాతం వచ్చి మాట పోయింది, ఒళ్లు కదలదు, కళ్లు మాత్రం తిరుగుతాయి. ఆవిడకి డైపర్లు మా దగ్గరే కొంటారు. ఆవిడ సైజు నాకు తెలుసు, ఆవిడ సంగతి తెలియదు. మిషను ఆయనది కాబట్టి నా చూపంతా ఆయన మీదే.

మిషనుకి వెనకవైపు, కింద, ఒక మీటరు ఉంటుంది. అది మొత్తం ఎన్ని గంటలు నడిచిందో అందులో పడుతుంది. ఇళ్లలో ఎవరూ దాన్ని పట్టించుకోరు. మేము పట్టించుకునేది ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో తెలియడానికి. ఒక వారం అది చూసి నాకు చిర్రెత్తింది. రాత్రీ పగలూ నడవాల్సిన మిషను సగం కూడా నడవలేదు.

కరెంటు పోతోందా అని అడిగాను. కోడలు "లేదండీ" అంది. అని, నా మొహం చూసి, "అప్పుడప్పుడూ పోతుంది" అని దిద్దుకుంది. టికెట్ లేనివాడు తడుముకోవడం ఇలాగే ఉంటుంది.

పెద్దాయన గోళ్లు చూశాను. కొసలు నీలంగా ఉన్నాయి. వేలికి పెట్టి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూసే క్లిప్పు నా సంచిలోనే ఉంది. పెట్టి చూస్తే ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ చూపించింది.

"ఎలా ఉందండీ?" అన్నాను. అడక్కూడదన్న రూలు నాకు గుర్తుంది, కానీ ఇది ప్రాణం సంగతి.

ఆయన జవాబు చెప్పే ముందు గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు చూశాడు. ఆ చూపు నేను పట్టుకున్నాను. "బాగుంది బాబూ. హాయిగా ఉంది" అన్నాడు.

షాపుకి వచ్చి మా ఆవిడకి చెప్పాను. "ఆ అమ్మాయే ఆపేస్తోంది. ముసలాయన ఆ పిల్లకి భయపడి నోరు విప్పట్లేదు."

తను గాలి పరుపుకి చిల్లులున్నాయేమో నీళ్లు పూసి చూస్తోంది. తల ఎత్తకుండానే, "మిషనే పాడైందేమో" అంది.

"చూశాను. శుభ్రంగా ఉంది."

"ఆ అమ్మాయి అత్తగారికి ఒక్క పుండు పడనివ్వలేదండీ ఇన్నాళ్లుగా. అది అంత తేలికైన పనా? గంట గంటకీ పక్కకి తిప్పాలి."

"అత్తగారి మీద ప్రేముంటే మామగారి మీద ఉండాలని ఉందా?"

"తొందరపడకండి. ఈసారి నేను వెళ్తాను. ఆయన్ని ఒంటరిగా ఉన్నప్పుడు మెల్లగా అడుగుతాను. ఈలోపు ఎవరితోనూ అనకండి."

అనలేదు. కానీ ఆవిడ వెళ్లేదాకా ఆగనూ లేదు. ఆ రోజే చీకటి పడుతుండగా, కొడుకు డ్యూటీకి వెళ్లే వేళ చూసుకుని, పాత ఉద్యోగంలో మలుపు దగ్గర బస్సు కోసం కాపు కాసినట్టు ఆ ఇంటి ముందుకు వెళ్లి నిలబడ్డాను. ముందు గది కిటికీ తెరిచి ఉంది. ఆక్సిజన్ మిషను నడుస్తుంటే వీధిలోకి వినపడుతుంది, పాత ఫ్రిజ్ కంటే గట్టిగా రొద పెడుతుంది. లోపల నిశ్శబ్దంగా ఉంది. వంటగదిలో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. గంట కొట్టాను. లోపల ఎవరో గబగబా నడిచిన అలికిడి, ఆ వెంటనే మిషను ఆన్ చేసినప్పుడు వచ్చే కీచుమనే కూత, ఆపైన రొద. అంతా అయ్యాక తలుపు తీసింది కోడలు. నుదుటి మీద చెమట.

"బాబాయి గారూ, ఇప్పుడొచ్చారేంటి?"

"ఇటు వెళ్తూ వచ్చానమ్మా. మిషను నడుస్తోందిగా?"

"నడుస్తోందండీ" అంది, అది నాకు వినపడనట్టు.

అడ్డంగా దొరికింది అనుకున్నాను. నాకు కోపం వచ్చిన మాట నిజమే, కానీ లోలోపల ఒక రకమైన సంతోషం కూడా కలిగింది. దొంగని పట్టుకున్నవాడికి కలిగేదది. దాన్ని నేను న్యాయం అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం కొడుకు డ్యూటీకి వెళ్తూ తల్లికి డైపర్లు కొనడానికి షాపుకి వచ్చాడు. మా ఆవిడ ఒక వీల్‌చైర్ అప్పగించడానికి వెళ్లింది. సంచి చేతికిస్తూ, ఇక నా నోట్లో ఆ మాట ఆగలేదు.

"బాబూ, మీ ఇంట్లో మిషను రాత్రిళ్లు నడవడం లేదు."

"నడవకపోవడమేంటండీ? నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మోగుతూనే ఉంటుంది."

"నువ్వు వచ్చేసరికి. నేను గంట కొట్టేసరికి కూడా మోగుతుంది. మిగతా వేళల్లో సంగతేంటి?"

మీటరు సంగతీ, కూత సంగతీ, నీలం గోళ్ల సంగతీ పూస గుచ్చినట్టు చెప్పాను. అతను సంచి టేబుల్ మీదే వదిలేసి, "నాతో రండి" అన్నాడు. షాపు మూయకుండానే పక్క షాపతనికి చూస్తుండమని చెప్పి అతని బండెక్కాను.

ఇంటికి చేరాక అతను గంట కొట్టలేదు. తన తాళంతో తలుపు తీశాడు.

మిషను ఆగి ఉంది. పెద్దాయన ముక్కుకి గొట్టం లేదు, తన మంచం మీద కూడా లేడు. భార్య మంచం అంచున కూర్చుని ఆవిడ మూతి తుడుస్తున్నాడు. ప్రతి ఊపిరికీ ఆయన భుజాలు పైకి లేస్తున్నాయి. కోడలు వంటగదిలోంచి గరిటె చేత్తోనే పరుగెత్తుకొచ్చింది, మమ్మల్ని చూసి అలాగే ఆగిపోయింది.

"ఇదా నువ్వు చేస్తున్నది?" అన్నాడు కొడుకు. "నేను రాత్రంతా అక్కడ చలిలో చస్తుంటే, ఇక్కడ మా నాన్నని చంపుతున్నావా?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఎవరు చెప్పారో అర్థమైంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తల దించుకుని, "నేనే ఆపాను. ఆ రొదకి నాకు తలనొప్పి వస్తోంది" అంది.

"కాదురా" అన్నాడు పెద్దాయన. మాటకీ మాటకీ మధ్య గాలి కోసం ఆగుతున్నాడు. "నేనే... నేనే ఆపాను."

"మీరు ఊరుకోండి మావయ్యా."

"నువ్వు వెనకేసుకు రాకు నాన్నా" అన్నాడు కొడుకు.

నేను అక్కడే తెల్లబోయాను. నా సర్వీసులో వందలమందిని పట్టుకున్నాను. తప్పు నాది కాదన్నవాళ్లనీ, పక్కవాడి మీదకి తోసినవాళ్లనీ చూశాను. ఒక తప్పు కోసం ఇద్దరు మనుషులు నాదంటే నాదని పోటీపడటం ఏ బస్సులోనూ చూడలేదు. నా అనుమానం అక్కడ తడబడింది.

ముందు పెద్దాయన్ని పట్టుకుని ఆయన మంచం మీద కూర్చోబెట్టాను. గొట్టం ముక్కుకి తగిలించి మిషను ఆన్ చేశాను. గది రొదతో నిండిపోయింది. కాసేపటికి ఆయన పెదాల్లో రంగు వచ్చింది. కానీ ఆయన కళ్లు మిషను మీద లేవు, నా మీదా లేవు. ఎదురు మంచం మీదే ఉన్నాయి. ఆవిడ నోరు కొంచెం కదిలింది. అంతే, ఆయన చెయ్యి స్విచ్చు మీదకి పోయింది. రొద ఆగింది.

అప్పుడు విన్నాను. "క్... క్..." నాలిక అంగిట్లో కొట్టుకున్నంత చిన్న చప్పుడు. అది ఆ ఇంట్లో రోజూ ఉండేదే, కానీ నేను అడుగు పెట్టినప్పుడల్లా మిషను మోగుతుండటంతో నా చెవిన పడలేదు. కోడలు గరిటె కింద పెట్టి, అత్తగారిని పక్కకి తిప్పి, వీపు నిమిరి, గొంతులో అడ్డుపడ్డ తెమడ గుడ్డతో తీసింది. ఆవిడ గుక్క తిప్పుకుంది. పెద్దాయన కూడా అప్పుడే గుక్క తిప్పుకున్నాడు.

"అదీ బాబూ" అన్నాడు నాతో. "దానికి మాట లేదు. గొంతులో అడ్డం పడితే ఆ చప్పుడొక్కటే చేస్తుంది. ఈ మిషను మోగుతుంటే నాకది వినపడదు."

మిగతాది కోడలు చెప్పింది. ఇంక దాచి లాభం లేదు కదా. మిషను వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం తను వంట చేస్తుండగా అత్తగారికి ఊపిరి ఆడలేదు. మామగారు రెండు గజాల దూరంలో ఉండి కూడా వినలేకపోయారు. ఏదో కావాలని తను గదిలోకి వచ్చి, నల్లబడ్డ మొహం చూసింది కాబట్టి ఆవిడ బతికింది. అప్పటినుంచి పగలు కుట్టుమిషను ఈ గదిలోనే వేసుకుని అత్తగారి మొహం చూస్తూ కుడుతోంది. అంతసేపూ మిషను నడుస్తుంది. సాయంత్రం తను వంటగదిలోకి వెళ్లగానే మామగారు మిషను ఆపేస్తారు. రాత్రంతా చెవులు రిక్కించుకుని కూర్చుంటారు.

"రాత్రిళ్లు నేను మేలుకుంటానన్నానండీ. ఒప్పుకోలేదు."

"పగలంతా కుట్టి రాత్రంతా మేలుకుంటే నువ్వూ మంచానపడతావు" అన్నాడు పెద్దాయన. "ఈ కొంపలో మూడో మంచానికి చోటు లేదు."

"మరి నాకు చెప్పొచ్చుగా!" అన్నాడు కొడుకు.

దానికి జవాబు కోడలే చెప్పింది. "ఇద్దరినీ ఒక్క చోట చూడటం కుదరకపోతే అత్తయ్యని మీ అక్క ఊరు పంపేద్దామని మీరే అన్నారు. మిషను తెచ్చిన రోజే అన్నారు. మావయ్య నాతో ఒట్టు వేయించుకున్నారు."

కొడుకు గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. అన్నది నిజమే. ఇప్పుడు కూడా అదే మాట అతని నోటి చివర ఉందని నాకు తెలుస్తూనే ఉంది. మిషను నడిస్తే తల్లి ఎప్పుడో ఒకప్పుడు దక్కదు. నడవకపోతే తండ్రి దక్కడు. ఇద్దరూ దక్కాలంటే ఇద్దరూ ఒక గదిలో ఉండకూడదు. పెద్దాయన కొడుకు మొహం చూడలేక భార్య మొహం చూస్తున్నాడు. ఇంతకాలం ఆయన ఊపిరి పణంగా పెట్టి ఆపుకున్న మాటని నేను ఒక్క సాయంత్రంలో ఇంటి మధ్యకి తెచ్చి పడేశాను.

నాకు సిగ్గేసింది. మా ఆవిడకి ఫోను చేసి, దాచకుండా అంతా చెప్పాను. తను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇద్దర్నీ ఆ గదిలోనే ఉండనివ్వండి. మిషనుని బయట పెట్టండి" అంది. "పొడుగు గొట్టం షాపులో ఉంది, తెస్తున్నాను."

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు! ఫిల్టర్లు కడిగాను, మీటరు చదివాను, వేళ్లు చూశాను. కూర్చోలేదు. ఒక్క రోజు ఊరికే కూర్చుని ఉంటే, ఆ ముసలాయన కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూసి ఉండేవాణ్ని.

మా ఆవిడ ఆటోలో వచ్చింది, చేతిలో చుట్టలు చుట్టిన గొట్టం, మేము వదిలేసి వచ్చిన డైపర్ల సంచి. ఎవరినీ ఏమీ అడగలేదు. పెద్దావిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత మిషను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది.

ముందు గదిలో పెడితే మధ్యలో తెర తప్ప ఏమీ లేదు, రొద అంతా ఇటే వస్తుంది. వంటగదిలో పొయ్యి ఉంది, మంట ఉన్న చోట ఈ మిషను పెట్టకూడదు. పెరట్లో పెడితే దుమ్మూ, వానా. నేను ఇల్లంతా తిరిగి చూశాను. గట్టి తలుపు ఉన్నది ఒకే ఒక్క గదికి, కొడుకూ కోడలూ పడుకునే ఇరుకు గదికి. పెద్దవాళ్ల గది వైపు గోడ పైన చిన్న వెంటిలేటర్ కూడా ఉంది, గొట్టం అందులోంచి లాగొచ్చు. చూశాను కానీ పైకి అనలేకపోయాను. ఈ మిషను రొదే కాదు, వేడి కూడా కక్కుతుంది. ఆ గదిలో మంచం వేశాక మనిషి తిరగడానికే చోటు లేదు. మామగారిని చంపుతోందని నేను చాడీ చెప్పిన అమ్మాయిని, నీ తలగడ పక్కన దీన్ని పెట్టుకోమని ఏ మొహం పెట్టుకుని అడగను?

"మా గదిలో పెట్టండి" అంది కోడలే. భర్త వైపు తిరిగి, "మీరు పగలు ముందు గదిలో పడుకోండి. నేను కుడుతూ చప్పుడు కాకుండా చూస్తాను" అంది. అతను తల ఊపాడు. లేచి మిషనుకి ఒక పక్క చెయ్యి వేశాడు. ఇద్దరం కలిసి దాన్ని దొర్లించుకుంటూ లోపలికి తీసుకెళ్లాం.

ఆ అమ్మాయి మంచం గోడకి జరిపింది. తలవైపు ఉన్న దిండు తీసి కాళ్లవైపు వేసుకుంది. అంతకంటే జరగడానికి చోటు లేదు. నేను గొట్టం వెంటిలేటర్లోంచి అవతలికి తోశాను, అక్కడ మా ఆవిడ అందుకుని పెద్దాయన ముక్కుకి పెట్టింది. ప్లగ్గు పెట్టి స్విచ్చు వేశాను. ఆ ఇరుకులో రొద చెవులు చిల్లులు పడేలా ఉంది. తలుపు వేసి అవతలికి వెళ్లి విన్నాను. పెద్దవాళ్ల గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు ఒక్కటే ఉంది. పెద్దాయన గొట్టం పెట్టుకుని, భార్య వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆవిడ "క్" అనగానే, "ఆఁ, ఇక్కడే ఉన్నా" అన్నాడు.

నేను మళ్లీ ఆ ఇరుకు గదిలోకి వెళ్లాను. ఆ అమ్మాయి మంచం మీద కూర్చుని మిషను వైపు చూస్తోంది. క్షమించమ్మా అన్నాను. ఆ రొదలో నా మాట నాకే వినపడలేదు, గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చింది. "క్షమించమ్మా! తప్పుగా అనుకున్నాను!"

ఆ మాట ఆ అమ్మాయి పట్టించుకోలేదు. తను కూడా గొంతు పెంచి అడిగింది. "రాత్రంతా ఇలాగే మోగుతుందా బాబాయి గారూ?"

"మోగుతుందమ్మా. ఒక్క క్షణం కూడా ఆగదు."

"మంచిది" అంది. "ఆగితే ముందు నాకే మెలకువ వస్తుంది."